అందరినీ కలుపుకుపోయే నాయకత్వం మేనేజర్లపై మోపుతున్న భారం గురించి తీర్మానం

సికింద్రాబాద్‌లోని వివిధ సంస్థల మేనేజర్లు, సూపర్‌వైజర్ల సర్వసభ్య సమావేశం ఆమోదించినది

పది మంది లేదా అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం, వికలాంగులకు సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 2016 చట్టం నిర్దేశించాయి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది; 50 మంది లేదా అంతకు మించి ఉన్నచోట క్రెష్ తప్పనిసరైంది. వీటన్నిటినీ ఈ సభ మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నది.

అయితే చట్టం యజమానికి అప్పగించిన ఈ బాధ్యత చివరకు షిఫ్టు నడిపేవారి నెత్తిన పడుతున్నది. వినికిడి లేని సహోద్యోగికి ఆ రోజు సూచనలన్నీ కాగితం మీద రాసివ్వాలి. బాలింతకు వీలుగా రోస్టర్ మార్చాలి. అందువల్ల నైట్ డ్యూటీ పడినవారి అలక తీర్చాలి. మనిషి దొరక్కపోతే ఆ డ్యూటీ తామే చేయాలి. ఇవేవీ రిజిస్టరుకెక్కవు. ఓపికగా వింటారని పేరుపడితే పక్క సెక్షన్ల తగాదాలూ వచ్చిపడతాయి. విన్నది గోప్యంగా ఉంచాలి గనుక ఆ బరువు ఇంట్లోనూ చెప్పుకోలేరు.

ఇలా అదుపు తప్పిన పని ఒత్తిడితో మనిషి డస్సిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి సంబంధ స్థితిగా గుర్తించింది. మేనేజర్లకు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలని 2022లో సిఫారసు చేసింది.

ఈ పరిస్థితుల దృష్ట్యా సభ ఈ కింది విధంగా తీర్మానిస్తున్నది:

1. అందరినీ కలుపుకుపోవడానికి మేనేజర్లు చేస్తున్న ఈ పనిని డ్యూటీ గంటల్లోనూ వార్షిక మదింపులోనూ లెక్కించాలి.

2. రోస్టర్ మారితే బదులు మనిషిని యాజమాన్యమే ఇవ్వాలి. మేనేజరే ఆ డ్యూటీ చేస్తే కాంప్ ఆఫ్ ఇవ్వాలి.

3. మేనేజర్లకు ఈ విషయాల్లో సంస్థ ఖర్చుతో, పనివేళల్లోనే శిక్షణ ఇప్పించాలి. మేధోవైకల్యం విషయంలో, మనోవికాస్ నగర్‌లో ఆ వైకల్యం ఉన్నవారి కోసం పనిచేస్తున్న జాతీయ సంస్థ సలహా తీసుకోవాలి.

4. బయటి కౌన్సెలర్‌ను ఏర్పాటు చేయాలి. అక్కడ చెప్పుకున్న మాట యాజమాన్యం చెవిన పడకూడదు.

5. ఫిర్యాదులు వినే బాధ్యత ఒక్కరి మీదే ఉండిపోకుండా వంతులవారీగా అప్పగించాలి.

6. ఈ భారాన్ని సాకుగా చూపి మహిళలనూ వికలాంగులనూ ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి వెనకాడరాదు; ఎవరి హక్కునూ కుదించరాదు.

మేనేజర్లను ఈ బాధ్యతల నుంచి పూర్తిగా తప్పించాలన్న సవరణ వీగిపోయింది. తీర్మానం ప్రతులను ఆయా యాజమాన్యాలకూ కార్మిక శాఖకూ పంపే బాధ్యతను కార్యదర్శికి అప్పగించడమైనది.