తెల్లబోయిన బిల్లు

పోయిన నెల మా ఇంట్లో ఒక చిన్న పంచాయతీ నడిచినది. ఫిర్యాదు మా చిన్నవాడిది. ఫిర్యాదు చెన్నపట్నంలోని ఒక దుకాణం మీద. తగవుకు మూలం రెండు ముక్కలైన ఒక గాలపు కర్ర. ఇంటి తగవులను ఈ పేజీలో పెట్టడం మాకూ అలవాటే, చదవడం మీకూ అలవాటే గనుక దీనిని కూడా మీ ముందు పెడుతున్నాము. చేపల సరదా లేనివారు పేజీ తిప్పవద్దు. గాలపు కర్రకు బదులు మిక్సీ అనుకోండి, మిద్దె మీది నీళ్ళ మోటారు అనుకోండి; కథ ఒకటే.

మా చిన్నవాడు తిరువళ్ళూరు దగ్గర ఒక కార్ఖానాలో పని చేస్తున్నాడు. రోజూ తిరుత్తణి నుంచి ఎలక్ట్రిక్ రైలులో పోయి వస్తాడు. వాడికి రెండేళ్ళుగా పట్టుకున్న పిచ్చి ఇది. రెండు రోజుల సెలవు దొరికితే స్నేహితులతో పొన్నేరి మీదుగా పులికాటు పోతాడు. అక్కడి ఉప్పునీటి సరస్సులో పండుగప్ప పడుతుంది; తమిళులు కొడువా అనేది దానినే. కొండ కనబడే ఇల్లు గనుక కృత్తికనాడు మా వంటింట్లోకి నీసు రాదు. తక్కిన రోజుల్లో వాడు తెచ్చినది వాడే కడిగి ఇవ్వాలని మా అమ్మగారి షరతు. వాడు ఆ షరతుకు లోబడే ఉన్నాడు.

మా తాతగారి కాలంలో చెరువుగట్టున కూర్చొని వేసే గాలం వేరు. పొదలో నరికిన వెదురు కర్ర, దారం, బెండు, కొక్కి, కొక్కికి వానపాము. కర్ర విరిగితే మరొక వెదురు. దానికి పూచీ ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పటి కర్ర సంగతి అది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గాజునారతోను, 1970ల నుంచి కర్బన నారతోను చేసిన కర్రలు బజారుకు వచ్చినవి. కర్బన నార కర్ర చేతిలో ఈకలా ఉంటుంది, వంచితే విల్లులా వంగుతుంది. కాని దెబ్బకు ఓర్వదు. రాతికి తగిలినా, కారు తలుపులో నలిగినా పైకి ఏమీ కనబడకపోవచ్చు. లోపల మాత్రం నార చిట్లుతుంది. నెల తరువాత బరువైన చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. కర్రను నిట్టనిలువుగా ఎత్తి చేపను పైకి లాగినా ఇదే గతి. బరువంతా సన్నని కొస మీద పడుతుంది. ఈ సరుకులో కొన్నవారికీ అమ్మినవారికీ ఇంత పేచీ రావడానికి కారణం ఇదే. లోపం కర్రకు పుట్టుకతో వచ్చినదా, మన చేతిలో వచ్చినదా అన్నది విరిగిన ముక్క చూచి తేల్చడం సులభం కాదు.

మా వాడు బోనసు డబ్బులో 4,800 రూపాయలు పెట్టి అటువంటి కర్ర ఒకటి కొన్నాడు. రెండు ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకొనేది. దానితో ఒక సంవత్సరపు వారంటీ కార్డు ఇచ్చినారు. ఆరు నెలలు నిండకముందే పులికాటులో ఒక ఉదయం, కొసకు జానెడు కింద, అది విరిగినది. ముక్కలు చేతబట్టుకొని ఇంటికి వచ్చినవాడిని చూచి మా అమ్మగారు, "ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు తీసుకొనిపోతాము. దీనిని ఎక్కడికి తీసుకొనిపోతావురా?" అని అడిగినారు.

వాడు దుకాణానికే తీసుకొనిపోయినాడు. దుకాణదారు ముక్కలను చూడనేలేదు. "తంబీ, బిల్లు ఏదీ?" అన్నాడు. మా వాడు పర్సులో నుంచి బిల్లు తీసి బల్ల మీద పెట్టినాడు. అది తెల్లగా ఉన్నది. ఒక అక్షరం లేదు, ఒక అంకె లేదు. ఇప్పుడు అంగళ్ళలో ఇచ్చే బిల్లులు చాలామటుకు సిరాతో అచ్చు వేసినవి కావు. వేడి తగిలితే నల్లబడే పూత కాగితం మీద యంత్రం వేడితో వేసిన అక్షరాలు. ఎండకు, వేడికి, చేతి జిడ్డుకు అవి మాసిపోతాయి. ఆరు నెలలు వేసవిలో జేబులో తిరిగిన బిల్లు తెల్లబోయినది. దానిని చూచి మా వాడూ తెల్లబోయినాడు.

అంతటితో వాడు తిరిగి వచ్చేవాడే. పక్కన ఉన్న స్నేహితుడు తెలివైనవాడు గనుక, "నీవు డబ్బు ఫోనులో కట్టినావు గదా?" అని గుర్తుచేసినాడు. బ్యాంకు లెక్కలో తేదీ ఉన్నది, మొత్తం ఉన్నది, దుకాణం పేరు ఉన్నది. ఆ తేదీ చూపిస్తే దుకాణదారు తన కంప్యూటరులో వెదికి బిల్లు నకలు ఇచ్చినాడు. ఇచ్చి, "ఇది వాడకంలో విరిగినది. కంపెనీకి వ్రాసుకోండి" అన్నాడు.

ఇక్కడికి కథలో తప్పు కాగితానిది. తరువాతి తప్పు మాది.

ఆ రాత్రి కంపెనీకి వ్రాయవలసిన ఉత్తరం మా ముందుకు వచ్చినది. కార్డు వెనుక చిన్న అక్షరాలలో షరతులు ఉన్నవి. తయారీలో లోపముంటేనే మార్చి ఇస్తారు. దెబ్బ తగిలినా, తలుపులో నలిగినా, ఎత్తరాని బరువు ఎత్తినా పూచీ లేదు. పంపే ఖర్చు కొన్నవారిది. ఇదంతా చదివి మేము ఎంతో అనుభవశాలిలాగా, "దానంతటదే విరిగినది, ఎన్నడూ దేనికీ తగలలేదు అని వ్రాయరా" అని చెప్పినాము. కుర్రవాడు కలం పట్టుకొని కూర్చున్నాడు గాని వ్రాయలేదు. కొంతసేపటికి, "నెల కిందట అరక్కోణంలో రైలు దిగే తొక్కిడిలో సంచి మీద ఎవరిదో ట్రంకుపెట్టె పడినది నాన్నా. తెరిచి చూస్తే ఏమీ కనబడలేదు. దానివల్లనే విరిగినదో కాదో నాకు తెలియదు" అన్నాడు.

తెలియదు అన్నది నిజం. అయితే తగలలేదు అన్నది అబద్ధం. చిన్నప్పుడు వీడు పలక పగులగొట్టుకొని వచ్చి ఎవరో తోసినారని చెప్పినప్పుడు మేమే చెవి మెలిపెట్టినాము. ఇప్పుడు 4,800 రూపాయల కోసం మేమే అబద్ధం చెప్పి వ్రాయించబోతిమి. మా అమ్మగారు మూల కూర్చొని వక్క కత్తిరించుకొంటున్నారు. ఏమీ అనలేదు. కత్తెర చప్పుడు మాత్రం ఆగినది. అది చాలినది.

వాడు జరిగినది జరిగినట్లు వ్రాసినాడు. పెట్టె పడిన సంగతి, తరువాత మూడుసార్లు బాగానే పనిచేసిన సంగతి, విరిగినప్పుడు కర్ర ఎంత ఎత్తున పట్టుకొన్నాడో, గాలానికి పడినది ఎంత చేపో అన్నీ వ్రాసి, విరిగిన చోటు ఫోటోలు నాలుగు జతచేసినాడు. మూడు వారాలకు జవాబు వచ్చినది. దెబ్బ తగిలినది గనుక వారంటీ కింద రాదు. అయితే పై ముక్క ఒక్కటి సగం ధరకు ఇస్తాము అన్నారు. పంపే ఖర్చుతో కలిపి 1,350 రూపాయలు అయినది. అబద్ధం వ్రాసి ఉంటే కొత్త కర్రే వచ్చేదా? వచ్చేదేమో. రాకపోయేదేమో. ఆ లెక్క మేము వేయదలుచుకోలేదు. పై ముక్క వచ్చినది. పండుగప్పలు మళ్ళీ వస్తున్నవి.

ఇది ఒక వైపు. రెండవ వైపు చెప్పకపోతే, అమ్మేవారి పక్షం మాట్లాడినామని మీరు అంటారు.

తిరువళ్ళూరులో మాకు తెలిసిన రిటైరైన మాస్టారు ఒకరున్నారు. మనుమడి పుట్టినరోజుకు గాలపు కర్ర కొని ఇచ్చినారు. రెండు వారాలకే, దారం పోయే ఉంగరాలలో ఒకటి జిగురు వదలి ఊడి వచ్చినది. ఇది ఏ దెబ్బకూ జరిగినది కాదు, చేతిపనిలో లోపం. అంగడికి పోతే, అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు అని గోడ మీద వ్రాసిన బోర్డు చూపినారు. మాస్టారు నమస్కారం పెట్టి తిరిగి వచ్చినారు. "పోనిద్దురూ, మనకెందుకు పేచీ?" అన్నారు మాతో.

ఈ "మనకెందుకు" అన్న మాట మన ఇండ్లలో ఎక్కువగా వినబడుతుంది. తరాలుగా ఈ నేల మీదనే పుట్టి పెరిగినాము. ఇక్కడ పన్నులు కట్టినాము. తమిళం తెలుగంత బాగా మాట్లాడుతాము. అయినా అంగడిలో న్యాయం అడగవలసి వచ్చేసరికి చుట్టానికి వచ్చినవారిలాగా మొగమాటపడతాము. అడగందే అమ్మైనా పెట్టదు గదా, అంగడివాడు పెడతాడా?

మాస్టారిని మేము ఒప్పించి 1915 నంబరుకు ఫోను చేయించినాము. అది కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల సహాయ కేంద్రం. తమిళంలోనూ చెప్పవచ్చు, తెలుగులోనూ చెప్పవచ్చు. అది కోర్టు కాదు. మన ఫిర్యాదును వ్రాసుకొని కంపెనీవారికి చేరవేస్తుంది. మాస్టారు ఫిర్యాదు నంబరు వేసి అంగడికి ఒక ఉత్తరం కూడా వ్రాసినారు. ఆయన ఉత్తరాలు ఎట్లా ఉంటాయో తెలిసినవారికి తెలుసు: ఒక్క కోపపు మాట లేదు, ఒక్క తేదీ తప్పు లేదు. తొమ్మిదవ రోజున కొత్త కర్ర ఇంటికి వచ్చినది. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు; కలానికీ అది వర్తిస్తుంది.

చట్టం ఏమంటున్నదో క్లుప్తంగా చెబుతాము. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చినది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చినది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువు లోపల, గడువు చెప్పకపోతే 30 రోజుల లోపల, వెనక్కు తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అన్యాయ వ్యాపార పద్ధతి అని ఆ చట్టం అంటున్నది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. గోడ మీది బోర్డు చట్టాన్ని మార్చలేదు. అంతకూ వినకపోతే జిల్లా కమిషనుకు పోవచ్చు. మన జిల్లా కమిషను తిరువళ్ళూరులోనే ఉన్నది. సరుకు ఎక్కడ కొన్నా, మనం నివసించే చోటనే ఫిర్యాదు వేయవచ్చునన్నది కొత్త చట్టం ఇచ్చిన సదుపాయం. పెట్టిన ధర 5 లక్షలు మించకపోతే రుసుము లేదు. వకీలు ఉండి తీరాలని లేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రెండు సంవత్సరాలలోగా వేయాలి.

అమెరికాలో ఉన్న మా బంధువు ఒకాయన ఈ కథ విని నవ్వినాడు. 1856లో మొదలైన ఆర్విస్ అనే అక్కడి కంపెనీ 1989లో తన గాలపు కర్రలకు 25 ఏళ్ళ పూచీ ప్రకటించినది. కారు తలుపులో పెట్టి విరుచుకొన్నా సరే, కొద్దిపాటి రుసుముతో బాగుచేసి ఇచ్చే పద్ధతి అది. వినడానికి ముచ్చటగా ఉన్నది. కాని అటువంటి కర్రల ధరలు కూడా ఆకాశంలోనే ఉంటాయి. జాగ్రత్తగా వాడేవాడు, అజాగ్రత్తగా వాడేవాడి కర్రకు కూడా కొంత చెల్లిస్తున్నాడన్న మాట. పూచీ ఎక్కడా ఉచితంగా రాదు. మనం కొనేటప్పుడు పూచీ ఎన్నేళ్ళని అడుగుతాము; దేనికి పూచీ, ఎవరి పూచీ, పంపే ఖర్చు ఎవరిది అని అడగము. ఆ మూడూ డబ్బు ఇవ్వకముందే అడగండి.

కొన్ననాడే బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి, నకలు తీసి కార్డుతో కుట్టండి. కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ వేయించండి. కర్ర అయితే అంగడిలోనే ముక్కలు కలిపి వంచి చూచి, ఉంగరాలన్నీ వేలితో తడిమి చూడండి. రైలులో సంచిలోనే ఉంచండి. కర్బన నార కర్ర విద్యుత్తును ప్రసరింపజేస్తుంది; మన లైను మీది తీగలలో ఉన్నది 25,000 వోల్టులు. ప్లాట్‌ఫారం మీద కర్ర కలిపి ఎత్తి చూపే కుర్రవాళ్ళను మేము కళ్ళారా చూచినాము. అక్కడ పోయేదానికి ఏ కంపెనీ పూచీ పనికిరాదు.

ఒక మాట చెప్పి ముగిస్తాము. 1960 ఏప్రిల్ 1కి ముందు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ నాటి పట్టాలు, పన్ను రసీదులు మన ఇండ్లలో ఎందరి ఇనుప పెట్టెలలోనో ఈనాటికీ ఉన్నవి. జిల్లా మారినది, రాష్ట్రం మారినది, 1997లో మళ్ళీ జిల్లా పేరు మారినది. కాగితం మాత్రం మన పెద్దలు మడత నలగకుండా దాచినారు. వారి బిడ్డలమై ఆరు నెలల బిల్లును జేబులో తెల్లబోనిచ్చినాము.

మా ఇనుప పెట్టెలో ఇప్పుడు ఆ పట్టాల పక్కన ఒక గాలపు కర్ర వారంటీ కార్డు, బిల్లు నకలు చేరినవి. పెట్టినది మా అమ్మగారు.