రెండో బువ్వపు బంతి

విజయవాడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మావారు ఏడాదికి రెండుసార్లు మమ్మల్ని హోటలుకు తీసుకువెళతారు. అక్కడ పెద్దవాడు సాంబారు మీద పోసుకోకుండా చూడడం, చిన్నదానికి కలిపి పెట్టడం, మా మామగారికి కారం లేనిది ఏరి ఇవ్వడం, ఇవన్నీ అయ్యేసరికి నా పళ్ళెంలోది చల్లారిపోతుంది. దీన్ని షికారంటారా, డ్యూటీ ఒకచోటినుంచి ఇంకొకచోటికి మార్చడమంటారా?" అని అడిగారు.

నేను చదివి నవ్వాను. మా ఆవిడకిచ్చాను. ఆవిడ నవ్వలేదు. ఉత్తరం మడిచి బల్లమీద పెట్టి, "పాపం!" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ "పాపం" ఎవరిని గురించో ఆ పూట నాకు బోధపడలేదు. పదిరోజుల తరువాత బోధపడింది. ఆ సంగతే ఈ వారం.

మా పెళ్ళి శ్రావణమాసంలో అయింది. ఇప్పటికి ఇరవైయేడేళ్ళు. పెళ్ళిరోజంటే మా ఇంట్లో పొద్దున్నే గుడికి వెళ్ళి రావడం, మధ్యాహ్నం పాయసం, అంతవరకే. ఈసారి పుణేలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోనులోనే రెండువేలు పంపించి, "నాన్నా, మీరిద్దరే బయటికి వెళ్ళి భోంచేసి రావాలి. నానమ్మను కూడా తీసుకువెళ్ళామని చెబితే ఒప్పుకోను" అని తాఖీదు ఇచ్చింది. కొవ్వొత్తుల వెలుగులో భోజనం పెట్టే హోటలు పేరు కూడా ఒకటి చెప్పింది. "కరెంటు పోతే మనింట్లోనూ అంతేగా! దానికంత డబ్బెందుకూ?" అన్నది మా ఆవిడ.

మా అమ్మకు డెబ్బైతొమ్మిదో ఏడు నడుస్తున్నది. విషయం విని, "ఏంరా, ఇంట్లో పొయ్యి వెలగడం లేదా?" అన్నది.

అమ్మ మాటను తప్పుపట్టలేను. ఆవిడ తరం దృష్టిలో హోటలు కూడు అంటే వండిపెట్టే దిక్కులేనివాడి కూడు. కాని మనవాళ్ళు బయట తినడం నిన్నమొన్న నేర్చుకున్న విద్య కాదు. వల్లభరాయని పేరుమీద ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే స్నేహితులిద్దరు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆకలివేళకు పూటకూళ్ళింటి ప్రస్తావన వస్తుంది. ఒక్క రూకకు సన్నబియ్యపన్నం, పప్పు, నెయ్యి, కూరలు, పెరుగు, పిండివంటలతో సహా వడ్డిస్తారని కవి నోరూరేటట్టు చెబుతాడు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ లేకపోతే గిరీశానికి పూట గడవదు.

ఇవి చిన్నప్పటినుంచీ చదువుతూనే ఉన్నాను. ఒక్క సంగతి మాత్రం మొన్నటిదాకా తట్టలేదు. ఆ కథల్లో తినేవాళ్ళు మగవాళ్ళు. వండేది ఆడది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని వడ్డించుకు తిన్న పూటకూళ్ళిల్లు నాకెక్కడా కనబడలేదు.

తరువాత ఉడిపి హోటళ్ళు వచ్చాయి, ఇరానీ హోటళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టేసరికి 'ఫ్యామిలీ రూము' అని ఒక మూల చెక్కలతో గదులు కట్టి, పరదా వేలాడదీశారు. పరదా అవతల ఎవరున్నారో తెలియదు, ఇవతల ఎవరున్నారో కనబడదు. కులాన్ని బట్టి వేరే బంతులు వేసిన హోటళ్ళు కూడా దక్షిణాదిలో ఉండేవి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం, 15వ అధికరణంలో, మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, పుట్టినచోటు కారణంగా ఎవరినీ దుకాణాలకూ హోటళ్ళకూ రానివ్వకుండా ఆపగూడదని ప్రత్యేకించి రాసింది. అంత పెద్ద గ్రంథంలో హోటలు మాట ఎందుకు వచ్చిందా అనిపిస్తుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్నది మన దేశంలో చిన్న సంగతి కాదు మరి! హోటలు తలుపు చట్టం తెరిచింది. ఇంట్లో బంతి ఎలా సాగాలో మాత్రం ఏ చట్టమూ చెప్పదు.

సరే, ఆ సాయంత్రం ఆరింటికి బయలుదేరాం. అంతకుముందే మా ఆవిడ అమ్మకు చపాతీలు చేసి, కూర వండి, పాలు కాచి, మందుబిళ్ళలు గిన్నెలో వేసి, పక్కింటి పిల్లకు రెండుసార్లు అప్పగింతలు పెట్టింది. బయట భోజనానికి వెళుతూ ఇంట్లో పూర్తిగా వంట చేసిన మనిషిని మీరు చూసే ఉంటారు. మీ ఇంట్లోనూ ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాం. అలవాటు కొద్దీ ఆవిడ ఆడవాళ్ళ భాగం వైపు నడిచింది. "ఏమోయ్, ఇవాళ్టికి ఇటు రా!" అని పిలిచాను. నలుగురూ చూశారు. ఆవిడ సిగ్గుపడుతూ వచ్చి పక్కన నిలబడింది. మూసీ దాటేటప్పుడు కిటికీలోంచి బయటికి చూసి, "ఎన్నాళ్ళయిందండీ ఇటు వచ్చి!" అన్నది. నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే దారి అది.

గాంధీభవన్ స్టేషనులో దిగి, నాంపల్లి వైపు ఒక శాకాహార హోటలుకు వెళ్ళాం. ఎదురెదురుగా కూర్చున్నాం. సర్వరు వచ్చి మెనూ పుస్తకం ఆవిడ ముందు పెట్టాడు. మనబోటి మధ్యతరగతి వాళ్ళు మెనూని ఉర్దూ చదివినట్టు కుడినుంచి ఎడమకు చదువుతారు. ముందు ధర, తరువాత పేరు. ఆవిడ వేలు కుడివైపునే కిందికి పోతూ ఉంటే, "ధరలు చూడకు. నీకిష్టమైనది చెప్పు" అన్నాను.

ఆవిడ పుస్తకం మూసింది. తెరిచింది. మళ్ళీ మూసింది. "మీరే చెప్పండి" అన్నది.

"గుత్తివంకాయ కూర, పుల్కాలు చెప్పనా? నీకు వంకాయంటే ప్రాణం కదా!"

"నాకా? నాకని ఎవరు చెప్పారూ?" అన్నది ఆశ్చర్యంగా. "మీకిష్టమని వండుతాను. వంకాయ తింటే నాకు నాలుక దురద. పెళ్ళికి ముందునుంచీ అంతే."

ఇరవైయేడేళ్ళు, వారానికి ఒక్కసారి వేసుకున్నా, ఎన్ని వంకాయకూరలో లెక్కపెట్టడానికి భయం వేసింది. "మరి చెప్పలేదేం?" అన్నాను. "ఎప్పుడు అడిగారు?" అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో జవాబు చెప్పేవాణ్ణి.

కాసేపు ఆలోచించి, మెల్లిగా, "ఒక సాదాదోసె చెప్పండి" అన్నది.

"పెళ్ళిరోజు కూడా దోసేనా! ఇంట్లో వారానికి మూడుసార్లు పోస్తూనే ఉంటావుగా?"

"పోస్తాను. పెనం మీంచి తీసింది తీసినట్టు మీ పళ్ళేల్లో వేస్తాను. మీరంతా తిని లేచాక, పిండి అడుగు గీకి నాకు రెండు పోసుకుంటాను. అవైనా తినబోయే వేళకు అత్తయ్యగారికి మందు, మీకు జేబురుమాలు. వేడిది తిన్న గుర్తు లేదండీ. ఒకళ్ళు పోసి, తీసుకొచ్చి, నా ముందు పెట్టిన దోసె తినాలని ఉంది."

నేను మాట్లాడలేదు. సర్వరుతో చెప్పాను. ఏడెనిమిది నిమిషాల్లో దోసె వచ్చింది. అంచులు ఎర్రగా కాలి, మధ్యలో ఇంకా చుర్రుమంటూ, పళ్ళెం దాటి చెరొకవైపు బయటికి వచ్చి ఉంది. ఆవిడ అంచు విరిచి, చట్నీలో ముంచి నోట్లో పెట్టుకున్నది. వేడికి నాలుక కాలినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆగి తిను" అన్నాను. తల అడ్డంగా ఊపి, ఆగకుండా తిన్నది. చివరి ముక్క అయ్యేదాకా నావైపు చూడలేదు. ఆ తరువాత, "ఇంకొకటి చెప్పనా?" అని ఆవిడే అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంకొకటి కావాలని తనకోసం ఆవిడ అడగగా వినడం నాకదే మొదలు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది, మా పెళ్ళిలో బువ్వపు బంతి. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, చుట్టూ చేరినవాళ్ళు వేళాకోళాలు ఆడుతుంటే, ఒకరికొకరం ముద్దలు పెట్టుకున్నాం. ఆ రోజు ఆవిడ వేడివేడిది తిన్నది. ఆ మర్నాటినుంచీ వడ్డించేవాళ్ళలో చేరిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే కుండలో కూడు తింటూ, మళ్ళీ కలిసి బంతిలో కూర్చోవడానికి మాకింత కాలం పట్టింది.

కాఫీలు తాగుతూ గంటసేపు కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామంటే పెద్ద సంగతులేమీ కావు. ఆవిడ మోకాలి నొప్పి మార్చినుంచీ ఉన్నదట. నాకిప్పుడు తెలిసింది. ఇంట్లో అయితే ఆ మాట మొదలుపెట్టేసరికి కుక్కరు కూత పెడుతుంది, లేదా నా ఫోను మోగుతుంది. ఆ గంటలో రెండూ లేవు.

బిల్లు వచ్చింది. ఆవిడ సాదాదోసెలు రెండు నూటయెనభై, నా మసాలాదోసె నూటపది, కాఫీలు తొంభై, వెరసి మూడువందల ఎనభై. దానిమీద కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర చొప్పున నూటికి ఐదు పన్ను, పందొమ్మిది రూపాయలు. 2017 నవంబరు 15 నుంచి మామూలు హోటళ్ళలో ఈ లెక్కే నడుస్తున్నది. మా అమ్మాయి పంపిన రెండువేలలో నాలుగువందలు కూడా అవలేదు.

గృహిణులు గుర్తుంచుకోవలసిన మాట ఒకటి. కొన్ని హోటళ్ళలో పన్ను కాక 'సర్వీసు చార్జి' అని ఇంకొక పద్దు బిల్లులో కలుపుతారు. మేమూ ఇదివరకు ఒకచోట చూసుకోకుండా కట్టాం. అది ప్రభుత్వపు పన్ను కాదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపగూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసెయ్యమని మర్యాదగా అడగవచ్చు. వినకపోతే 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. సర్వరు బాగా చూసుకుంటే అతని చేతిలో మీరు పెట్టేది వేరే సంగతి.

అక్కడినుంచి మొజంజాహీ మార్కెట్టుకు నడిచాం. ఏడో నిజాం తన కుమారుడు మొజంజా పేరున 1935లో కట్టించిన రాతి కట్టడం అది. ఈమధ్య బాగుచేసి, దీపాలు పెట్టాక పెళ్ళివారిల్లులా ఉంది. అక్కడి ఐస్‌క్రీం అంగళ్ళకు ఊళ్ళో పాతకాలంనుంచీ పేరు. సీతాఫలాల రోజులు అప్పుడే మొదలయ్యాయి. రెండు కప్పులు తీసుకుని, సన్నటి తుంపరలో కట్టడం చూరు కింద నిలబడి తిన్నాం. "వంకాయ వద్దు, సీతాఫలం ఇష్టం. రాసుకోండి" అన్నది ఆవిడ నవ్వుతూ. రాసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నదీ అదే.

విజయవాడ సోదరికి నా జవాబు ఇది. అమ్మా, మీరడిగింది న్యాయమే. అది డ్యూటీ మార్పే. ఈ పేజీ మీవారి చేత చదివించండి. అందరూ కలిసి వెళ్ళినప్పుడు చిన్నదానికి కలిపి పెట్టే పని ఆ పూట ఆయన చెయ్యాలి. ముందు మీరు చెప్పిన పదార్థం రావాలి. ఏడాదిలో ఒక్క సాయంత్రమైనా పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచి ఇద్దరే వెళ్ళండి. ఖరీదైన హోటలు అక్కరలేదు. ఎదురెదురు కుర్చీలు రెండు ఉంటే చాలు.

ఇక మా ఇంటి సంగతి. ఆ వచ్చిన ఆదివారం పెనం ముందు నేను నిలబడ్డాను. మొదటి దోసె పెనానికే అంటుకుపోయింది. రెండోదానికి ఆకారం రాలేదు. మూడోది ఫరవాలేదనిపించి, మా ఆవిడను కూర్చోబెట్టి, వేడివేడిగా పళ్ళెంలో వేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తున్నది. మగవాడు పెనం పట్టినందుకు ఏదో అంటుందనుకున్నాను. ఏమీ అనకుండా వచ్చి, కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నది.

"మీ నాన్నగారున్నన్నాళ్ళూ నాదీ చల్లారిందేరా! నాకూ ఒకటి పొయ్యి" అన్నది.