మండువా వెలుఁగు

స్కాట్లండునందలి ఎడింబరో క్రొత్తపేటలో, 1791లో రాబర్టు ఆడమ్ రూపము గల్పించిన షార్లెట్ చౌకమున ఇండ్లు గోడకు గోడ చేరి యొక్క రాజప్రాసాదమువలెఁ దోఁచును. వంటయిల్లు మాత్రము నేలమాళిగలో నుండెడిది.

మా నిడదవోలు ప్రాంతపు మండువా లోగిళ్ల తీరు వేఱు. నాలుగువైపుల పెంకుల చూరులు లోనికి వాలి, నడుమ ఆకసము కనఁబడును. గడప దాఁటకయే గృహిణికి గాలియు వెలుఁగును లభించును.

ఎడింబరోవారు తమ యిండ్ల వరుసను చాలవఱకు చెడనీయలేదు. 1995లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వమునఁ జేర్చెను. మన యిండ్లలోనో, అన్నదమ్ములు పంచుకొనునాఁడు మండువా నడుమ గోడ లేచును. పిదప టేకు స్తంభములు బేరమునకుఁ బోవును.

2005 నాటి చట్టసవరణముచే హిందూ కుటుంబములందు పిత్రార్జితమున ఆఁడుబిడ్డకును సమభాగము గలదు. కావున పంపకమునాఁడు పెద్దల నడుమ మీరును గూర్చుండుఁడు. గదులు పంచుకొనుఁడు, మండువాను ఉమ్మడిగానే యుంచుఁడని మేము విన్నవించుచున్నాము.