చేతిలో పని, ముందు దారి

మొన్న సాయంత్రం ఎదురింటి వదినగారు ముఖం వేలాడేసుకుని వచ్చారు. వాళ్ళమ్మాయికి పాలీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతానంటోందిట. అన్నయ్యగారేమో "డిప్లొమాతో చదువు ఆగిపోతుంది, ఇంటర్ ఎంపీసీలో చేరాల్సిందే" అని పట్టుబట్టారట. పిల్ల రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

"ఎవరి మాట విననమ్మా?" అన్నారు వదినగారు.

ముందు అన్నయ్యగారి భయం తీరుద్దాం. డిప్లొమా మూడేళ్ళు. తర్వాత ఈసెట్ రాసి సీటు తెచ్చుకుంటే నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపితే ఆరు. ఇటు మూడూ మూడూ కలిపినా ఆరే! పైగా మధ్యలో ఇంటి పరిస్థితి తారుమారైనా, పిల్ల చేతిలో డిప్లొమా ఉంటుంది.

అలాగే ఇంటర్ ఒకేషనల్ చదివినవాళ్ళు బ్రిడ్జి కోర్సు పాసైతే పై చదువులకు దారి దొరుకుతుంది. ఐటీఐ చేసినవాళ్ళు అప్రెంటిస్‌గా చేరి స్టైపెండు తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. అలాగని అందరికీ ఒకే మందు పనికిరాదు. డాక్టరీ మీద మనసున్న పిల్లకు బైపీసీయే సరి.

అసలు చూడాల్సింది కోర్సు పేరు కాదు, నేర్పే తీరు. వంటల పుస్తకం బట్టీపడితే పులిహోర కలపడం వస్తుందా? పొయ్యి దగ్గర నిలబడాలి కదా! అందుకే కాలేజీకి వెళ్ళి అడగండి: వర్క్‌షాపులో పిల్లలు వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారు? ఫ్యాక్టరీలో శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్ళు ఇప్పిస్తారు? నిరుడు పాసైనవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు? ఆడపిల్లలకు హాస్టలు, బస్సు, మరుగుదొడ్డి సరిగా ఉన్నాయా?

ఈ అలవాటు బళ్ళోనే మొదలవ్వాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మీ పిల్లల బళ్ళో అది జరుగుతోందా? ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో అడిగి చూడండి.

నిన్న అన్నయ్యగారు, వదినగారు పిల్లను వెంటబెట్టుకుని రెండు కాలేజీలు చూసొచ్చారు. ఒకచోట ల్యాబుకి తాళం, కిటికీలోంచి చూస్తే దుమ్ముపట్టిన మోటార్లు. రెండోచోట జడలు పైకి ముడేసుకున్న ఆడపిల్లలు స్క్రూడ్రైవర్లు పట్టుకుని స్విచ్‌బోర్డుకి వైర్లు కలుపుతున్నారు. అన్నయ్యగారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారట. బయటికొచ్చాక ఒక్క మాటే అడిగారట: "ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడు?"

రాత్రి పిల్ల కడుపునిండా తిందని వదినగారు కబురు చేశారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పంచాయితీ నడుస్తోందా? కోర్సు ఖాయం చేసేముందు ఒక్కసారి పిల్లతో కలిసి వెళ్ళి, ఆ ల్యాబు తలుపు తెరిపించి చూడండి. వచ్చేవారం కలుద్దాం.