షో కారు బాగుంది.. రోడ్డెక్కేదెప్పుడు?

2018 ఫిబ్రవరి. గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో కియా సంస్థ ఒక క్రాసోవర్ కారును వేదిక మీద నిలబెట్టింది. పేరు ఎస్‌పీ కాన్సెప్ట్. అప్పటికి దాన్ని కొందామన్నా దొరకదు. 'ఇలాంటిది తెస్తున్నాం' అని చెప్పడానికే ఆ కారు. ఏడాదిన్నర తర్వాత, 2019 ఆగస్టు 22న, అదే సెల్టోస్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. తయారైంది అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర. మన జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉంది ఆ ఊరు.

ఉద్యోగం వెతుక్కునే మీకు ఈ కథ ఎందుకంటారా? ఆ ఏడాదిన్నరలోనే అసలు పాఠం ఉంది. షో కారు ఒక్కటి చేస్తే చాలు, చూడ్డానికి బాగుంటే సరిపోతుంది. అమ్మే కారు అట్లా కుదరదు. ఏటా 3 లక్షల కార్లు చేయగల ప్లాంటులో ప్రతి తలుపూ ఒకేలా మూసుకోవాలి. ఎండకు, గతుకులకు తట్టుకోవాలి. భద్రతా పరీక్షలు నెగ్గాలి. ధర కూడా అందుబాటులో ఉండాలి. అందుకే షోలో మెరిసినవి కొన్ని మారతాయి, కొన్ని పోతాయి. ఆ పనిలోనే ఉద్యోగాలున్నాయి. బొమ్మ గీసేవాళ్లు కొందరే. డైలు చేసేవాళ్లు, వెల్డింగ్ రోబోలను సరిచూసేవాళ్లు, పెయింటు మందం కొలిచేవాళ్లు, విడిభాగాలు వేళకు తెప్పించేవాళ్లు ఎందరో కావాలి.

ఇప్పుడు మన రెజ్యూమె చూద్దాం. అరడజను ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, డబ్బులిచ్చి తెచ్చుకున్న ఫైనలియర్ ప్రాజెక్టు. 'ఇందులో నువ్వు చేసిందేంటి?' అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. తప్పంతా విద్యార్థిదే అనలేం. అరవై మందికి ఒక్క మెషీన్ ఉన్న ల్యాబులో చెయ్యి ఎట్లా తిరుగుతుంది? కాలేజీలు దీనికి జవాబు చెప్పాల్సిందే. కానీ అవి మారేదాకా ఆగితే మన వయసు ఆగదు.

కంపెనీల ప్రకటనలనూ ఇదే కళ్లతో చూడాలి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం అయాన్ బ్యాటరీ ప్లాంటుకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అన్నారు. సంతోషమే. అయితే ప్రకటన ఒక్కరోజు పని, ఉద్యోగాలు దశలవారీగా వస్తాయి. గేటు తెరిచాక నేర్చుకుందాం అనుకుంటే, నేర్చుకుని వచ్చినవాళ్లు ముందే లోపలుంటారు. బ్యాటరీ పరిశ్రమలో మెకానికల్ వాళ్లకే కాదు, కెమిస్ట్రీ డిగ్రీ, ఎలక్ట్రికల్ డిప్లొమా, ఐటీఐ ఫిట్టర్ చదివినవాళ్లకూ పని ఉంటుంది.

మరి ఏం చేయాలి? ఒక్క ప్రాజెక్టు పట్టుకోండి, చిన్నదైనా సరే. బోరు మోటారును ఫోన్‌తో ఆపే పరికరమే చేశారనుకోండి. దాన్ని ల్యాబు టేబుల్ మీద వదిలేయకుండా నెల రోజులు పొలంలో నడపండి. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఏం మార్చారు, ఎంత ఖర్చయింది.. అన్నీ నోట్‌బుక్కులో రాసుకోండి. రెజ్యూమెలో ఆ నాలుగు లైన్లు పది సర్టిఫికెట్ల కన్నా గట్టిగా మాట్లాడతాయి. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. స్టైపెండ్ తక్కువే కావచ్చు, కానీ షాప్‌ఫ్లోర్ అనుభవం అక్కడే దొరుకుతుంది.

షో కారుకు చప్పట్లు పడతాయి. గతుకుల్లో ఆగకుండా పోయే కారుకే బుకింగులు వస్తాయి. ఈ సెమిస్టర్‌లోనే మీ బండిని రోడ్డెక్కించండి.