ఎవరి స్థిరత్వం? ఎవరి అంతర్యుద్ధం?

అరబ్బు ప్రజలు వీధుల్లోకి వచ్చినప్పుడల్లా టీవీ తెరల మీద ఒక రకం పెద్దమనుషులు ప్రత్యక్షమవుతారు. వెనకాల పుస్తకాల బీరువా, పేరు కింద ‘విదేశాంగ విధాన విశ్లేషకులు’ అన్న బిరుదు. కొందరు నిన్నటిదాకా మంత్రిత్వ శాఖల్లో పనిచేసి వచ్చినవాళ్లు, కొందరు రేపు అక్కడికి పోవాలని చూస్తున్నవాళ్లు. వాషింగ్టన్‌లో, లండన్‌లో వీళ్లు రాసిందే తిరిగి తిరిగి మన ఇంగ్లిషు పేపర్ల ఎడిట్ పేజీలకు చేరుతుంది. పోటీ పరీక్షలకు తయారయ్యే మన విద్యార్థులు దాన్నే నోట్సు రాసుకుంటారు. కాబట్టి ఈ ముచ్చట మనకు పట్టనిదేమీ కాదు. పదిహేనేళ్లుగా వీళ్లు ఏం చెప్పారో, అక్కడ ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటి పాట: అంతా నిలకడగానే ఉంది

2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సిదీ బౌజిద్ పట్టణంలో తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ తక్కెడను అధికారులు గుంజుకున్నారు. మొర వినే నాథుడు లేక ఆయన గవర్నర్ కార్యాలయం ముందు ఒంటికి నిప్పంటించుకున్నాడు. దేశం భగ్గుమన్నది. పోలీసులు నిరసనకారులను కాల్చి చంపుతున్న రోజుల్లో, 2011 జనవరి 11న, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి మిషెల్ అలియో మారీ పార్లమెంటులో ఏమన్నది? ఆందోళనలను అదుపు చేయడంలో మా పోలీసులకున్న నేర్పును ట్యునీషియాకు అందిస్తామన్నది! సరిగ్గా మూడు రోజులకు, 23 ఏండ్లు ఏలిన బెన్ అలీ సౌదీకి పారిపోయాడు.

జనవరి 25న కైరోలో తహ్రీర్ చౌక్ నిండింది. ఈజిప్టు ప్రభుత్వం నిలకడగా ఉందన్నదే మా అంచనా అని అదే రోజు అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ప్రకటించింది. 17 రోజులకు ముబారక్ దిగిపోయాడు. 2011 మార్చిలో దెరా పట్టణం రగలడానికి కొద్ది రోజుల ముందే, అమెరికాలో పేరుమోసిన ఒక విదేశాంగ పత్రిక అసద్ కట్టిన ఇల్లు గట్టిదని వ్యాసం అచ్చేసింది.

ఇంతమంది చదువుకున్నవాళ్లకు ఎందుకు కనపడలేదు? గ్రెగరీ గాస్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 2011లోనే నిజాయితీగా ఒప్పుకున్నాడు: మేం సైన్యాల విధేయతను లెక్కించాం, ఆర్థిక వ్యవస్థ మీద పాలకుల పట్టును లెక్కించాం, ఆ లెక్కే తప్పిందని. ఒప్పుకున్నందుకు ఆయనను మెచ్చుకోవాలి. ఆ పని చేసినవాళ్లు తక్కువ. నిజానికి జనం ఏ లెక్కా దాచలేదు. 2010 ఆగస్టులో రష్యా గోధుమ ఎగుమతులు ఆపేసింది, ప్రపంచమంతటా తిండి ధరలు ఎగబాకాయి. గోధుమ దిగుమతుల్లో ప్రపంచంలోనే ముందుండే దేశం ఈజిప్టు. అక్కడ జనం ఇచ్చిన నినాదంలో మొదటి మాట రొట్టె. స్వేచ్ఛ, సామాజిక న్యాయం దాని తర్వాత వచ్చాయి. జనరళ్ల గుండె చప్పుడు వినేవాళ్లకు రొట్టెల దుకాణం ముందు వరుస ఎట్లా కనపడుతుంది?

కనపడకపోవడానికి పైసలు కూడా ఒక కారణం. 2006 నుంచి 2008 దాకా గడాఫీ ప్రభుత్వం అమెరికాలోని మానిటర్ గ్రూపు అనే సలహా సంస్థకు లక్షల డాలర్లు చెల్లించింది. లోకం దృష్టిలో లిబియా పరువు పెంచడమే వాళ్ల పని. పేరున్న ప్రొఫెసర్లు ట్రిపోలీకి పోయి గడాఫీతో ముచ్చటించి వచ్చారు. లిబియా ఉత్తర ఆఫ్రికా నార్వే కావాలని 2007లో ఆంథొనీ గిడెన్స్ ఆశపడ్డాడు. గడాఫీ కొడుకు ఫౌండేషన్ నుంచి విరాళం ఒప్పుకున్న లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డైరెక్టర్ 2011 మార్చిలో రాజీనామా చేయాల్సి వచ్చింది.

రెండో పాట: ఆదర్శ యుద్ధం

గాలి మారగానే గొంతులూ మారాయి. 2011 మార్చి 17న భద్రతా సమితి 1973వ తీర్మానం చేసింది. భారత్, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటు వేయకుండా తప్పుకున్నాయి. బెంఘాజీ పౌరులను కాపాడతామని మొదలుపెట్టిన బాంబు దాడులు ప్రభుత్వాన్ని కూల్చేదాకా ఆగలేదు. అక్టోబరు 20న గడాఫీని చంపారు. ఆ మరుసటి ఏడాది, నాటోలో అమెరికా రాయబారి ఐవో డాల్డర్, నాటో సేనాధిపతి జేమ్స్ స్టావ్రిడిస్ కలిసి ఒక వ్యాసం రాశారు. సైనిక జోక్యం అంటే ఇట్లా ఉండాలన్నది దాని సారం. తమ పరీక్ష పేపరు తామే దిద్దుకుని నూటికి నూరు వేసుకున్నారన్నమాట!

ఆ తర్వాత? 2012 సెప్టెంబరులో బెంఘాజీలో అమెరికా రాయబారే హతుడయ్యాడు. 2014 నాటికి దేశం రెండు ప్రభుత్వాలుగా చీలింది. ఈ జోక్యం తప్పుడు అంచనాల మీద నడిచిందని 2016 సెప్టెంబరులో బ్రిటిష్ పార్లమెంటు కమిటీయే తేల్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ కాలిన చేతులు లిబియన్లవి.

ఆ మంట మన ఇండ్లదాకా వచ్చింది. 2011లో లిబియా నుంచి వేలాది భారతీయులను ఓడల్లో, విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. 2015 జులైలో సిర్తె యూనివర్సిటీలో పనిచేసే నలుగురు భారతీయులను సాయుధులు అపహరించారు. ఇద్దరిని కొద్ది రోజుల్లోనే వదిలేశారు. మిగిలిన ఇద్దరు తెలుగువాళ్లు, ఒకరు తెలంగాణ, ఒకరు ఆంధ్రప్రదేశ్. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబరులో. ఏడాదికి పైగా ఆ రెండిండ్లలో ఫోను మోగితే గుండె ఆగినంత పని అయి ఉంటుంది. ‘ఆదర్శ జోక్యం’ లెక్కల్లో ఈ పద్దు ఏ పేజీలో రాశారు?

మూడో పాట: వాళ్లది ఆదిమ పగ

అన్నిటికంటే క్రూరమైన పాట సిరియా మీద పాడారు. 2011లో దెరాలో బడిపిల్లలు పాలన కూలాలని గోడల మీద రాశారు. పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. అడగడానికి వచ్చిన జనం మీద మార్చి 18న కాల్పులు జరిపారు. ‘సిల్మియ్యా’, అంటే శాంతియుతంగా, అని అరుస్తూ జనం నెలల తరబడి నడిచారు. దరయా యువకులు సైనికులకు పూలు, నీళ్ల సీసాలు అందించారు. వాళ్లలో ఒకడైన గియాత్ మతర్ ఆ ఏడాది సెప్టెంబరులో నిర్బంధంలో చనిపోయాడు. సైన్యం నుంచి బయటికొచ్చిన అధికారులు స్వేచ్ఛా సిరియా సైన్యం ప్రకటించింది జులై చివర్లో, అంటే నాలుగు నెలల తూటాల తర్వాత.

2012 నడిమికి ‘అంతర్యుద్ధం’ అన్న మాట స్థిరపడింది. రెడ్‌క్రాస్ కూడా జులైలో ఆ మాట వాడింది. న్యాయశాస్త్రంలో దానికి అర్థముంది: యుద్ధ నియమాలు అన్ని పక్షాలకూ వర్తిస్తాయి. కానీ విశ్లేషకుల చేతిలో అదే మాట చీపురైంది. ఎవరు ముందు కాల్చారు, ఎవరు కేవలం పాట పాడారు అన్న తేడా మొత్తం ఊడ్చేసింది. ఇక మిగిలింది సున్నీలు, అలవీలు, వెయ్యేండ్ల పగ! ఫియరన్, లైటిన్ అనే ఇద్దరు పండితులు 1945 తర్వాతి అంతర్యుద్ధాలన్నీ పరిశీలించి 2003లోనే చెప్పారు: జాతులు, మతాలు ఎన్నున్నాయన్నదాన్ని బట్టి యుద్ధం రాదు, పేదరికం, బలహీనమైన రాజ్యం ఉన్నచోట వస్తుందని. వాళ్ల సొంత విశ్వవిద్యాలయాల పాఠమే వాళ్లకు ఎక్కలేదు.

పైగా ఇందులో ‘అంతర్’ ఎంత? ఇరాన్, హిజ్బుల్లా ఒకవైపు దిగాయి. తుర్కియే, సౌదీ, ఖతర్ ఇంకోవైపు ఆయుధాలు పోశాయి. అమెరికా 2014 సెప్టెంబరు నుంచి, రష్యా 2015 సెప్టెంబరు నుంచి బాంబులు వేశాయి. ఇల్లు ఒకరిది, నిప్పు పదిమందిది.

2013 ఆగస్టు 21న డమాస్కస్ పక్కన ఘూటాలో విషవాయువుతో జనాన్ని చంపారు. అదే వారంలో ఎడ్వర్డ్ లుట్వాక్ అనే అమెరికన్ వ్యూహకర్త న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు: సిరియాలో ఎవరు గెలిచినా అమెరికాకు నష్టమే, కాబట్టి ఎవరూ గెలవకుండా, యుద్ధం ఎటూ తేలకుండా సాగడమే మేలు. ఓడిపోతున్నవాడికి ఆయుధమియ్యాలె, గెలుస్తున్నవాడికి ఆపెయ్యాలె! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు అన్నది ఇందుకే. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2011 మార్చి నుంచి 2021 మార్చి దాకా సిరియాలో చనిపోయిన మామూలు పౌరులే 3,06,887 మంది. దేశంలో సగానికి పైగా జనం ఇల్లు విడిచారు. ‘ఎటూ తేలకపోవడం’ అంటే ఇదీ.

పాడని పాట: బహ్రెయిన్

లిబియా మీద తీర్మానానికి మూడు రోజుల ముందు, 2011 మార్చి 14న, సౌదీ, ఎమిరేట్స్ బలగాలు బహ్రెయిన్‌లోకి దిగాయి. జనం కూడిన ముత్యాల చౌరస్తాను ఖాళీ చేయించి, స్మారకాన్నే కూల్చేశారు. అమెరికా ఐదో నౌకాదళం మకాం ఉన్నది ఆ దేశంలోనే. అక్కడ ఆదర్శ జోక్యం ఎవరికీ గుర్తు రాలేదు.

మనవాళ్ల తప్పు కూడా చెప్పుకోవాలి. అమెరికాను తిడుతున్నారు గనుక గడాఫీ, అసద్ మనవాళ్లేనని వాదించిన ప్రగతిశీల మిత్రులు మన దగ్గరా ఉన్నారు. వాళ్లకు దెరా పిల్లలు సామ్రాజ్యవాద ఏజెంట్లుగా కనపడ్డారు. వాషింగ్టన్ విశ్లేషకుడు జనాన్ని పావులనుకున్నాడు, ఈ మిత్రులూ అదే అనుకున్నారు. బాంబులను వ్యతిరేకించడానికి నియంతను మొయ్యాల్సిన పని లేదు. రెండూ వద్దనే హక్కు సిరియా ప్రజలకు లేదా?

మళ్లీ మొదటికే

అసద్ వారాల్లో పడిపోతాడని 2011 డిసెంబరులో ఇజ్రాయెల్ రక్షణ మంత్రి చెప్పాడు, పడలేదు. తర్వాత గాలి తిరిగి, అసద్ గెలిచాడు, ఒప్పుకోండని నిపుణులు హితవు చెప్పారు. 2023 మేలో అరబ్ లీగ్ ఆయనను పిలిచి కుర్చీ వేసింది. 2024 నవంబరు 27న మొదలైన దాడితో డిసెంబరు 8 నాటికి ఆ గట్టి ఇల్లు కూలింది. సైద్‌నాయా జైలు తలుపులు తెరుచుకున్నాయి. నిన్న అమెరికా కోటి డాలర్ల వెల కట్టిన అహ్మద్ అల్ షరా 2025 నవంబరులో వైట్‌హౌస్‌లో అతిథి. 2025 మార్చిలో తీరంలో అలవీలను, జులైలో స్వైదాలో ద్రూజ్‌లను ఊచకోత కోసినా, స్థిరత్వం కోసం ఓపిక పట్టండంటున్నారు. ఎక్కడో విన్న పాటే!

సుడాన్‌నూ చూడండి. 2018 డిసెంబరులో రొట్టె ధర మీద లేచిన జనం 2019 ఏప్రిల్‌లో బషీర్‌ను దింపారు. జూన్ 3న ఖార్తూమ్‌లో ధర్నాలో కూర్చున్నవాళ్లను బలగాలు చంపాయి. అయినా ఆ జనరళ్లతోనే అధికారం పంచుకోవాలని మధ్యవర్తులు నచ్చజెప్పారు. వాళ్లు 2021 అక్టోబరులో తిరుగుబాటు చేసి మొత్తం గుంజుకున్నారు, 2023 ఏప్రిల్ 15న ఒకరి మీద ఒకరు దిగారు. దీనికీ పేరు అంతర్యుద్ధమే. రొట్టె అడిగిన జనం ఆ పేరులో ఎక్కడున్నారు?

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ మిత్రులారా! విశ్లేషణలు చదవొద్దని మేము అనడం లేదు. చదవండి, కానీ అడుగుతూ చదవండి. ‘స్థిరత్వం’ అన్నచోట ఎవరిదని అడగండి. ‘అంతర్యుద్ధం’ అన్నచోట మొదటి తూటా ఎవరు పేల్చారని, ఆయుధాలు ఏ దేశం నుంచి వచ్చాయని అడగండి. రాసినవాడు నిన్న ఏం చెప్పాడో, ఎవరి జీతం తిన్నాడో వెతకండి. ఆయన అంచనా తప్పితే మరో వ్యాసం రాసుకుంటాడు. సిదీ బౌజిద్‌లో, దెరాలో, ఖార్తూమ్‌లో మాత్రం దానికి మూల్యం ప్రాణాలతోనే కట్టారు. వాళ్ల మాట వినకుండా వాళ్ల గురించి రాసే ఏ విశ్లేషణనూ మనం నమ్మనవసరం లేదు.