జేబులోని సాక్షి

హిమాయత్‌నగర్ వద్ద బీజాపూర్ రహదారి పక్కన మగ్రిబ్ వేళకు కాసేపు నిలబడి చూడండి. కంకర టిప్పర్లు, ఆర్టీసీ బస్సులు, కాలేజీ బస్సులు, కూరగాయల ఆటోలు ఎడతెరిపి లేకుండా సాగుతుంటాయి. వాటి నడుమ ఒక యువకుడు మోటారు సైకిలుపై, మెడ పక్కకు వంచి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడుతూ పోతుంటాడు. అవతల ఉన్నది ఎవరు? అనేక సందర్భాలలో అతని తల్లి, లేదా భార్య. "ఎక్కడున్నావు బేటా, ఇంకా రాలేదేం?" అన్న ఆదుర్దా. ఆ ప్రేమే అతని చూపును దారి మీది నుండి తప్పిస్తున్నదని ఆమెకు తెలియదు.

ఈ దారి ఎటువంటిదో ఈ ప్రాంతంవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల విస్తరణ ఏళ్ల తరబడి ఆలస్యమైంది. పాత మర్రిచెట్ల విషయమై జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వ్యాజ్యం కూడా నడిచింది. 2025 నవంబరు 3, సోమవారం ఉదయం, చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద, తాండూరు నుండి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సు, కంకర టిప్పరు ఢీకొన్నాయి. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది ప్రాణాలు కోల్పోయారు. రోడ్డు వెడల్పు చేయడం, భారీ వాహనాలపై నిఘా ఉంచడం ప్రభుత్వ బాధ్యతలు. వాటిని అడగడం మన హక్కు. అయితే అవి నెరవేరేవరకు మన ఇంటి మనిషి రోజూ ఇదే దారిన పోయి రావాలి. అంతవరకు మన చేతిలో ఉన్నదేమిటి?

మన చేతిలో ఫోను ఉన్నది. ప్రమాదానికి కారణమయ్యే ఆ వస్తువునే కాపలాదారుగా మార్చే ప్రయత్నాలు కొన్నేళ్లుగా జరుగుతున్నాయి. ఫోనులోని జీపీఎస్ వాహన వేగాన్ని తెలుసుకుంటుంది. కదలికను పసిగట్టే సెన్సార్లు అకస్మాత్తుగా బ్రేకు వేయడాన్ని, మలుపులో దూకుడును, డ్రైవరు ఫోను చేతిలోకి తీసుకోవడాన్ని గుర్తిస్తాయి. ప్రయాణం ముగిశాక యాప్ మార్కులు చూపుతుంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో 2016లో ఇటువంటి యాప్‌తో అత్యంత సురక్షిత డ్రైవరు ఎవరన్న పోటీనే నిర్వహించి బహుమతులిచ్చారు. మన దేశంలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రూపొందించిన 'హామ్స్' అనే పద్ధతిలో ఫోనును కారు ముందు అద్దానికి బిగిస్తారు. ఒక కెమెరా దారిని, మరొకటి డ్రైవరును గమనిస్తుంది. 2019లో డెహ్రాడూన్‌లో డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలకు దీనిని వినియోగించారు. నడిపే తీరును బట్టి ప్రీమియం నిర్ణయించే వాహన బీమాకు కూడా 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ అనుమతించింది.

ఈ యాప్‌లకు పరిమితులు లేకపోలేదు. గేదె అడ్డం వచ్చినందుకు వేసిన బ్రేకును కూడా యాప్ తప్పుగానే లెక్కించవచ్చు. మనం ఎప్పుడు ఎక్కడికి వెళ్లామన్న వివరం ఆ సంస్థకు చేరుతుంది. కనుక నిబంధనలు చదవకుండా అంగీకరించరాదు. అయినప్పటికీ వేగం, ఫోను వాడకం అనే రెండు అంశాలలో యాప్ చూపే లెక్క మన అంచనా కన్నా నమ్మదగినది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో నూటికి 71 మంది మరణానికి అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలిపింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మూడు సెకన్లలో 50 మీటర్లు సాగుతుంది. ఫోను తెరపై పేరు చూసి తలెత్తేలోగా అంత దూరం మనం కళ్లు మూసుకుని ప్రయాణించినట్లే.

మా ఇంటి సంగతే చెబుతాము. పెద్దబ్బాయి ఫోనులో ఇటువంటి యాప్ ఒకటి వేయించాము. మొదటి వారం వేగానికీ బ్రేకులకూ మంచి మార్కులే వచ్చాయి. ఫోను వాడకం దగ్గర మాత్రం అయిదు చోట్ల ఎర్ర గీతలు. మందలించబోయాము. వాడు ఎదురు చెప్పలేదు. కాల్స్ పట్టిక తెరిచి మా ముందుంచాడు. గీత పడిన ప్రతి వేళా పిలుపు మా ఇంటి నుండే వెళ్లింది. మూడు వాళ్ల అమ్మ చేసినవి, రెండు మేము చేసినవి. ఒకటి పెరుగు తెమ్మని చెప్పడానికి! "అబ్బా, మీరు పిలిస్తే ఎత్తకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. మాకు జవాబు దొరకలేదు. కుమారుని తప్పు పట్టుకోవడానికి పెట్టిన యాప్ మా తప్పును పట్టించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మేము ఒక ఒప్పందం చేసుకున్నాము. బయలుదేరేటప్పుడు "వస్తున్నాను" అని ఒక్క సందేశం. ఆ తరువాత చేరేవరకు ఇంటి నుండి ఎవరూ పిలవరాదు. ఆదుర్దా కలిగితే ఫోనులో అతడున్న చోటు చూసుకోవచ్చు. అందుకు అతడే అనుమతి ఇచ్చాడు. తప్పనిసరి కబురుంటే అతడు బండి పక్కకు ఆపి మాట్లాడతాడు. బండి నడుపుతున్నంతసేపు కాల్స్ నిలిపివేసి, "డ్రైవింగ్‌లో ఉన్నాను" అని తానే జవాబిచ్చే అమరిక ఐఫోన్‌లలో 2017 నుండి ఉన్నది. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కాల్స్ ఆపే వీలున్నది. చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2020 అక్టోబరు నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, నడుపుతూ చేతి ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడని రీతిలోనే వాడాలి. మైనరు బిడ్డకు బండి అప్పగించి ప్రమాదం తెచ్చుకుంటే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు తప్పకపోవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి.

దారిలో నుండి రాయినో ముల్లునో తొలగించడం విశ్వాసంలో భాగమని మన పిల్లలకు చిన్ననాటి నుండే నేర్పుతాము. ఫోను చూస్తూ బండి నడిపేవాడు తానే దారికి అడ్డమైన రాయి అవుతాడు. ఎదురుగా వచ్చేవారు ఏ మతస్థులైనా, ఎవరి బిడ్డలైనా, వారి ప్రాణం మన చేతిలో అమానత్. ఆ అమానత్‌లో ద్రోహం చేయడానికి మూడు సెకన్లు చాలు.

తీర్పు దినాన మన అవయవాలే మన పనులకు సాక్షులవుతాయన్నది మన విశ్వాసం. ఆ సాక్ష్యం ముందు ఒక యాప్ చూపే మార్కులు ఏపాటివి? అయినా ఈ చిన్న సాక్షి మాట ఈ లోకంలోనే వింటే దిద్దుకునే వ్యవధి మనకు మిగులుతుంది. ఈ వారం మీ ఇంట్లో బండి నడిపేవారి కాల్స్ పట్టిక ఒకసారి తీసి చూడండి. వారు దారిలో ఉన్నప్పుడు పిలిచిన పేర్లలో మీ పేరు ఎన్నిసార్లు ఉన్నదో లెక్కించండి. దిద్దుబాటు అక్కడి నుండే మొదలుకావాలి, ఇన్షా అల్లాహ్.